కుటుంబ క్రాసోవర్‌ను చిన్నది చేస్తే, పెద్దది చేస్తే అమ్మకాలకు ఏమవుతుంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: మూడు వరుసల సీట్లున్న కుటుంబ క్రాసోవర్ (కారు నిర్మాణం మీద తయారై, ఎస్‌యూవీలా కనిపించే బండి) పరిమాణాన్ని కొత్త తరంలో మార్చినప్పుడు అమ్మకాలు నిజంగా మారతాయా, మారితే జీఎంసీ అకాడియాను దాని తయారీదారు జనరల్ మోటార్స్ ఒకసారి బాగా కుదించి, మళ్ళీ అంతకన్నా ఎక్కువగా ఎందుకు పెంచవలసి వచ్చింది?

నేను దాదాపు తొమ్మిదేళ్లు ఒక కార్ల షోరూమ్‌లో అమ్మకాల విభాగంలో పనిచేశాను. సరిగ్గా ఆ కాలంలోనే మేము అమ్ముతున్న మూడు వరుసల క్రాసోవర్ ఒకటి కొత్త తరంలో చిన్నదై వచ్చింది. ఆ షోరూమ్ పేరు గాని, ఆ బండి పేరు గాని ఇక్కడ చెప్పబోను. కానీ పాత బండిని ప్రేమించిన కుటుంబాలకు కొత్త బండిని చూపించే పని రెండేళ్లకు పైగా చేశాను కనుక, ఈ ప్రశ్నకు పత్రికల్లోని అంకెలతో పాటు షోరూమ్ నేల మీద చూసిన దాని నుంచి కూడా సమాధానం చెప్పగలను. అమ్మకాలు తప్పకుండా మారతాయి. అయితే పొడవు తగ్గితే అమ్మకాలు తగ్గుతాయి, పెరిగితే పెరుగుతాయి అన్న నేరు సంబంధం మాత్రం లేదు. పరిమాణం మారగానే ఆ బండి వేరే బండ్ల పక్కన నిలబడుతుంది, వేరే మనుషులు దాన్ని చూడడానికి వస్తారు. పోయినవాళ్లు ఎందరు, కొత్తగా వచ్చినవాళ్లు ఎందరు అన్న లెక్క మీదే ఫలితం ఆధారపడుతుంది.

కొత్త బండి మా దగ్గరకు వచ్చిన తొలి నెలల్లో ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ. పాత తరం బండిని ఆరేళ్లుగా వాడుతున్నారు, దాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి కొత్తది తీసుకోవాలని ముందే నిర్ణయించుకుని వచ్చారు. నా దృష్టిలో అది అప్పటికే కుదిరిపోయిన బేరం. కొత్త డాష్‌బోర్డు చూపించాను, ఇరుకు చోట్ల తిప్పడం ఎంత తేలికో చెప్పాను, మైలేజీ ఎంత మెరుగైందో వివరించాను. ఆ ఇల్లాలు అంతా విని, తమ పాత బండి డిక్కీలోంచి మడిచిన పిల్లల స్ట్రోలర్‌ను తెచ్చి కొత్త బండిలో పెట్టి చూసింది. మూడో వరుస నిలబెట్టి ఉండగా అది పట్టలేదు. సగం సీటు మడిస్తే పట్టింది. అప్పుడు ఆమె నా వైపు తిరిగి, “మీరు చెప్పినవన్నీ బాగానే ఉన్నాయండి, మరి మా అత్తయ్యగారు ఎక్కడ కూర్చోవాలి?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వాళ్లు కోపగించుకోలేదు, బేరమాడలేదు, మర్యాదగా వెళ్లిపోయారు. వారం తిరగకుండానే పోటీ సంస్థ బండి కొన్నారని తర్వాత తెలిసింది.

ఆ రోజు నాకు అర్థమైన విషయం ఏమిటంటే, కుటుంబ బండి కొనేవాళ్లు టేపు పట్టుకుని రారు, తమ ఇంటి పని ఒకటి మనసులో పెట్టుకుని వస్తారు. ఆరుగురు కూర్చోవాలి, అదే సమయంలో సామాను కూడా పట్టాలి అన్నదే ఆ పని. ఆ పని నెరవేరినంత వరకు బండి నాలుగు అంగుళాలు తగ్గినా గమనించరు. నెరవేరని మరుక్షణం మిగతా మంచి గుణాలన్నీ వాళ్లకు వినపడవు.

ఇప్పుడు అకాడియా దగ్గరకు వద్దాం. 2007 మోడల్‌గా మొదలైన తొలి తరం అకాడియా ఎనిమిది మంది కూర్చోగల పెద్ద బండి. 2016 జనవరిలో డెట్రాయిట్ ప్రదర్శనలో ఆవిష్కరించిన రెండో తరం, పాతదాని కన్నా 7.2 అంగుళాలు పొట్టిది, 3.5 అంగుళాలు సన్ననిది, సంస్థ చెప్పిన లెక్క ప్రకారం 700 పౌండ్లు, అంటే 300 కిలోలకు పైగా తేలిక. బరువు అంతగా తగ్గడం వల్లనే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను కూడా ఇవ్వగలిగారు, ఇంధనం ఆదా అయింది. ఇంజినీరింగ్ దృష్టితో చూస్తే అది మెచ్చుకోదగిన పనే. కానీ మూడో వరుస వెనుక సామాను చోటు సుమారు 24 ఘనపు అడుగుల నుంచి 12.8కి పడిపోయింది. సీట్లన్నీ మడిచినప్పటి చోటు 116 నుంచి 79కి తగ్గింది. పొడవులో తగ్గినది ముప్పయ్యో వంతు కన్నా కొంచెం ఎక్కువ. డిక్కీలో తగ్గినది దాదాపు సగం. కుటుంబాలు చూసేది ఈ రెండో లెక్కనే.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. ఘనపు అడుగుల లెక్కను కూడా పూర్తిగా నమ్మవద్దు. ఆ కొలతలో సీటు వెనుక నుంచి పైకప్పు దాకా ఉన్న గాలి అంతా కలిసి ఉంటుంది. స్ట్రోలరూ పెట్టెలూ నిలబడేది నేల మీద. మూడో వరుస సీటు వెనుక నుంచి డిక్కీ తలుపు దాకా నేల మీద ఎంత లోతు ఉందన్నదే రోజువారీ వాడకంలో తేలే విషయం, దాన్ని బ్రోషర్లలో ముద్రించడం నేను దాదాపు చూడలేదు. చివరి ఏళ్లలో నేను ఆ లోతును నా జానతో కొలిచి కొనుగోలుదారులకు చెప్పేవాణ్ణి.

కుదించడమే తప్పయితే రెండు వరుసల షెవర్లే ఈక్వినాక్స్ కథ వేరుగా ఉండేది కాదు. అదే జనరల్ మోటార్స్, అదే కాలంలో, 2018 మోడల్‌గా వచ్చిన ఈక్వినాక్స్‌ను 4.7 అంగుళాలు కుదించి, 400 పౌండ్ల బరువు తగ్గించింది. అమెరికాలో 2016లో సుమారు 2.42 లక్షలు అమ్ముడైన ఈక్వినాక్స్ 2019లో సుమారు 3.46 లక్షలు అమ్ముడైంది. ఆ ఏళ్లలో ఆ తరగతి బండ్లకు గిరాకీ మొత్తంగానే పెరుగుతోంది కనుక ఈ పెరుగుదల అంతా కుదింపు పుణ్యమని నేను అనను. కానీ కుదింపు దాన్ని దెబ్బతీయలేదన్నది మాత్రం స్పష్టం. ఎందుకని? వెనుక సీట్లు మడిచినప్పటి గరిష్ఠ చోటు 63.7 నుంచి 63.5 ఘనపు అడుగులకు మాత్రమే తగ్గింది. అంటే బయట ఐదంగుళాలు పోయినా, లోపల కొనుగోలుదారు పోగొట్టుకున్నది లెక్కలోకి రాదు. పైగా పాత ఈక్వినాక్స్ ఏ తరగతికీ సరిగ్గా చెందని మధ్యరకం పొడవులో ఉండేది. కుదించాక హోండా సీఆర్‌వీ, టొయోటా ఆర్ఏవీ4 వంటి బండ్ల సరసన, ఎక్కువ మంది వెతుకుతున్న చోటికి చేరింది. అకాడియా విషయంలో జరిగింది దీనికి తిరగబడ్డ వ్యవహారం. ఎక్కువ చోటు కోరే కుటుంబాల కోవలోంచి బయటికి వచ్చి, మూడో వరుస అప్పుడప్పుడు మాత్రమే కావలసినవాళ్ల కోవలో నిలబడింది.

ఆ రెండో కోవలో జనం లేరని కాదు. మా షోరూమ్‌లోనూ కొత్త బండిని చూసి ఆనందించినవాళ్లు ఉన్నారు. పిల్లలు పెద్దవాళ్లై ఇల్లు విడిచిపోయిన దంపతులు, సెడాన్ నుంచి మొదటిసారి క్రాసోవర్‌కు మారుతున్నవాళ్లు, పాత బండి తమ గ్యారేజీలో పట్టక ఇన్నాళ్లూ కొనలేకపోయినవాళ్లు వచ్చారు. పాతదాన్ని నడపడం బస్సు నడిపినట్టు ఉంటుందని భయపడిన ఒకావిడ, కొత్తదాన్ని టెస్ట్ డ్రైవ్ చేసి అక్కడికక్కడే బుక్ చేసుకుంది. కాకపోతే వీళ్లందరూ మాకు కొత్తవాళ్లు. పాత యజమాని మా బండిని మా బండితోనే పోల్చుకుంటాడు, రెండు మూడు చోట్ల ధర అడిగినా చివరికి మా దగ్గరికే వస్తాడు. కొత్తవాళ్లు మాత్రం ఐదారు సంస్థల బండ్లను ఒకే వారంలో నడిపి చూస్తారు. పైగా వాళ్ల పోలిక రెండు వరుసల బండ్లతో కనుక, “ఇంత చిన్న బండికి ఇంత ధరా?” అన్న మాట రోజూ వినవలసి వచ్చేది. ఉన్న కొనుగోలుదారును నిలుపుకోవడానికి ఒక మాట చాలితే, కొత్తవాణ్ణి తెచ్చుకోవడానికి పది మాటలూ ఒక రాయితీ కావాలి. నెలాఖరున అమ్మిన బండ్ల సంఖ్య పాతదానితో సమానంగా కనిపించినా, మిగిలిన లాభం సమానంగా ఉండేది కాదు. ధర విషయంలో కొనేవాళ్ల మనసు ఇంకోలా కూడా పనిచేస్తుంది: బండి చిన్నదైతే ధర కూడా తగ్గాలని వాళ్లు అనుకుంటారు. తయారీ ఖర్చు పొడవుతో పాటు తగ్గదని, తేలికైన ఉక్కుకూ కొత్త పరికరాలకూ ఖర్చు ఎక్కువవుతుందని మేము ఎంత వివరించినా, మోసపోతున్నామేమోనన్న అనుమానం వాళ్ల ముఖాల్లో మిగిలేది.

తొలి ఏడాది అంకెలను చూసి తీర్పు చెప్పేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. కొత్త రూపం వచ్చిన ఏడాది ఏ బండైనా కొంత ఎక్కువగా అమ్ముడవుతుంది. అకాడియా అమెరికాలో 2017లో లక్షకు పైగా అమ్ముడైంది. చూడగానే కుదింపు ఫలించిందని అనిపిస్తుంది. కానీ పాత పెద్ద బండిని అకాడియా లిమిటెడ్ అన్న పేరుతో కొత్తదాని పక్కనే మరికొంత కాలం అమ్మారు, ఆ అంకెలో అదీ కలిసింది. తర్వాతి ఏడాది అమ్మకాలు లక్షకు దిగువకు వచ్చాయి. మా దగ్గర కూడా సరిగ్గా ఇలాగే జరిగింది: పాత తరం చివరి బండ్లు ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి ఫోన్లు వచ్చేవి, వాడిన బండ్ల విభాగంలో పాత తరానివి నిలవ ఉండేవి కావు. నా మటుకు, కొత్త బండి వచ్చాక పాతదానికి వాడిన బండ్ల మార్కెట్‌లో గిరాకీ పెరిగితే, పరిమాణం విషయంలో సంస్థ లెక్క తప్పిందని చెప్పడానికి అంతకు మించిన గుర్తు అక్కరలేదు.

మరి ఇంత తెలిసిన సంస్థ ఎందుకు కుదించింది అని మీరు అడగవచ్చు. దానికి రెండు కారణాలు చెప్పుకోవాలి. మొదటిది ఇంటిలోపలి కారణం. పాత అకాడియా, షెవర్లే ట్రావర్స్, బ్యూయిక్ ఎన్‌క్లేవ్ ఒకే నిర్మాణం మీద, దాదాపు ఒకే పరిమాణంలో తయారయ్యేవి. ముగ్గురు అన్నదమ్ములు ఒకే దుకాణం పెట్టుకున్నట్టు, ఒకరి గిరాకీ ఇంకొకరు తినేవారు. అకాడియాను చిన్నది చేసి, ట్రావర్స్‌నూ ఎన్‌క్లేవ్‌నూ పెద్దవిగానే ఉంచితే ముగ్గురికీ మూడు వాకిళ్లు ఏర్పడతాయని సంస్థ భావించింది. చోటు కావలసిన కుటుంబం అకాడియాను వదిలి ట్రావర్స్‌కు వెళితే సంస్థకు పోయేదేమీ లేదు. నష్టపోయేది అకాడియా అన్న పేరూ, దాన్ని మాత్రమే అమ్ముకునే డీలరూ. ఈ కోణాన్ని చాలా విశ్లేషణలు వదిలేస్తాయి. ఒక బండి అమ్మకాలు తగ్గడాన్ని తయారీదారు ఓటమిగా చూడాలంటే, దాని తోబుట్టువుల అమ్మకాలను కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

రెండోది కాలం. ఒక బండి పరిమాణాన్ని అది రోడ్డెక్కడానికి మూడు నాలుగేళ్ల ముందే నిర్ణయిస్తారు. 2011 నుంచి 2014 దాకా అమెరికాలో పెట్రోలు ధర ఎక్కువగా ఉంది, చిన్నదైన, తేలికైన బండి ఆనాడు బుద్ధిమంతుల మాట. ఆ బండి బయటికి వచ్చిన 2016లో పెట్రోలు ఏడాది సగటు ధర పదేళ్లకు పైగా లేనంత తక్కువకు దిగింది. పొదుపు గుణం అమ్ముడయ్యే రోజులు పోయి, చోటు అమ్ముడయ్యే రోజులు వచ్చాయి. సరిగ్గా అప్పుడే, 2017లో ఫోక్స్‌వ్యాగన్ అట్లాస్, 2019లో కియా టెల్యురైడ్, హ్యుందాయ్ పాలిసేడ్ వంటి విశాలమైన మూడు వరుసల బండ్లు ఒకదాని వెంట ఒకటి రంగంలోకి దిగాయి. అకాడియా ఖాళీ చేసిన చోటును ఇతరులు కట్టగట్టుకుని ఆక్రమించారు. ఇంకొక విచిత్రం కూడా ఉంది. అమెరికా ఇంధన సామర్థ్య నిబంధనలు 2011 మోడల్ నుంచి బండి చక్రాల మధ్య వైశాల్యాన్ని బట్టి లక్ష్యాన్ని నిర్ణయిస్తున్నాయి. పెద్ద బండికి సడలింపు ఎక్కువ, చిన్నదానికి లక్ష్యం కఠినం. కనుక కుదించిన తయారీదారుకు నిబంధనల దృష్ట్యా ఆశించినంత లాభం కూడా మిగలదు.

పెద్దది చేయడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఎందుకంటే అది పరిశ్రమలో సర్వసాధారణం. ప్రతి తరంలోనూ బండ్లు కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉన్నాయి, 1994లో 3.7 మీటర్ల మూడు తలుపుల బండిగా పుట్టిన ఆర్ఏవీ4 నేడు 4.6 మీటర్ల కుటుంబ బండి. ఒక్కసారిగా పెంచినప్పుడు ఏమవుతుందో చూడాలంటే ఫోక్స్‌వ్యాగన్ టిగువాన్ మంచి ఉదాహరణ. అమెరికాలో దాన్ని 10.7 అంగుళాలు పొడిగించి మూడో వరుసతో తెచ్చాక, 2016లో సుమారు 43 వేలున్న అమ్మకాలు 2018లో లక్ష దాటాయి. పాత టిగువాన్ తన పోటీదారుల కన్నా ఇరుకుగా ఉండి, కొనేవాళ్ల జాబితాలోంచే తొలగిపోయేది. పొడవు పెరగడంతో ఆ జాబితాలోకి వచ్చింది. దీన్ని చూసి మూడో వరుసే మంత్రమని అనుకుంటే పొరపాటు. టొయోటా 2013 తరంలో ఆర్ఏవీ4కు అమెరికాలో ఇస్తున్న మూడో వరుసను తీసేసింది, పొడవునూ కొంచెం తగ్గించింది. అమ్మకాలు 1.72 లక్షల నుంచి 2.18 లక్షలకు పెరిగాయి. ఆ మూడో వరుసలో పెద్దవాళ్లు కూర్చోలేరు, దాన్ని ఎంచుకునేవాళ్లు తక్కువ. వాడని సీటు తీసేస్తే ఎవరూ అడగరు. వాడే సీటు ఇరుకు చేస్తే మాత్రం ఇల్లంతా కలిసి అడుగుతుంది.

ఈ చిక్కుకు కొందరు తయారీదారులు వేరే దారి కనిపెట్టారు. పేరున్న బండిని కదిలించకుండా, దాని పక్కన పొడవైన తోబుట్టువును నిలబెట్టడం ఆ దారి. టొయోటా హైలాండర్‌ను అలాగే ఉంచి, 2023లో దానికన్నా 6.5 అంగుళాలు పొడవైన గ్రాండ్ హైలాండర్‌ను ప్రవేశపెట్టింది. మూడో వరుస వెనుక చోటు 16 ఘనపు అడుగుల నుంచి 20.6కి పెరిగింది. దీనిలో పాత యజమానికి తన బండి తనకు దొరుకుతుంది, చోటు చాలనివాడు షోరూమ్ దాటి వెళ్లకుండా పక్క బండి ఎక్కుతాడు. అమ్మేవాడిగా నేను కోరుకునేది ఇదే. కానీ రెండు బండ్లకు రెండు ప్రచారాలు, రెండు నిల్వలు, విడిభాగాల రెండు జాబితాలు అవసరమవుతాయి కనుక చిన్న సంస్థలు దీన్ని భరించలేవు. పొడవైనది వచ్చాక పొట్టిదాని అమ్మకాలు కొంత కరగడం కూడా తప్పదు.

మీరు ఏదైనా బండి పరిమాణ మార్పు ఫలిస్తుందో లేదో అంచనా వేయాలనుకుంటే, పొడవు అంకెను పక్కనబెట్టి, మూడో వరుస నిలబెట్టి ఉన్నప్పటి డిక్కీ ఎంత మారిందో ముందు చూడండి. తర్వాత, కొత్త పొడవుతో అది ఏ బండ్ల పక్కన నిలబడుతోందో, అక్కడ ఇప్పటికే ఎందరున్నారో చూడండి. తీర్పు మాత్రం మూడో ఏడాది దాకా ఆపి ఉంచండి.

అకాడియా విషయానికి వస్తే, 2024 మోడల్‌గా వచ్చిన మూడో తరాన్ని 10.6 అంగుళాలు పెంచారు, మూడో వరుస వెనుక చోటు 23 ఘనపు అడుగులకు చేరింది, అంటే దాదాపు తొలి తరం దగ్గరికే తిరిగి వచ్చింది. అయితే దాంతో అది మళ్ళీ ట్రావర్స్‌తో ఇంచుమించు సమానమైన పొడవుకు చేరుకుంది. ఏ ఇంటి తగాదాను తీర్చుకోవడానికి ఒకనాడు కుదించారో, ఆ తగాదా ఇప్పుడు తిరిగి అదే ముంగిట్లో నిలబడి ఉంది. ఈసారి దాన్ని పొడవుతో కాక, పైతరగతి హంగులతో, ధరతో విడదీయాలని చూస్తున్నారు.